గుప్పిటకు బోణీ

నూకరత్నం రెండు చేతులూ గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో మణికట్టు దాకా ముంచి కదలకుండా కూర్చుంది. నిన్న పొద్దుటినుంచీ తొడుక్కున్న పట్టు తొడుగులు పక్కన బల్ల మీద ఉన్నాయి. బోణీ నాటికి చేతులు ఉప్పూ కారం, తలుపు గొళ్ళెం, దువ్వెన, అన్నిటినీ మరిచిపోవాలని ఆటపరికరాల సంస్థవారి నియమం. చేతులు మరిచాయో లేదో తెలియదు గానీ, తొడుగుల పుణ్యమా అని నిన్నంతా వీపు గోక్కోవడం కూడా ఆమెకు గగనమైపోయింది.

తొట్టి అంచున దీపం పచ్చబడింది. రత్నం చేతులు పైకి తీసి, దేనికీ తగలకుండా గాలికి ఆరబెట్టుకుంటూ, మోచేత్తో తలుపు తోసుకుని బోణీ గదిలోకి వెళ్ళింది. గుండ్రటి గది. ఒకవైపు గాజుగోడ, ఇంకోవైపు సముద్రం. భీమిలి కొండ కింద పాత రోడ్డు నీళ్ళలో మునిగి చాలాకాలమైంది. దాని మీదుగా పడవబస్సులు హారన్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. అంత నీళ్ళలో అడ్డం వచ్చేది ఎవరో ఆ డ్రైవర్లకే తెలియాలి.

గాజుగోడ అవతల హిమబిందు నిలబడి ఉంది. ఒరవడి విభాగానికి అధిపతి. ముప్పై దాటాయో లేదో, అప్పుడే కనుబొమల మధ్య ఒక గీత పడింది. ఆమె వచ్చాక పోతశాల ఒక్కసారి కూడా ఆగలేదని సంస్థలో అందరూ చెప్పుకుంటారు, కొందరు మెచ్చుకుంటూ, కొందరు నిట్టూరుస్తూ. కొలతలు తప్ప దేన్నీ నమ్మనంటుంది. అయినా ప్రతి బోణీకీ, పరికరాన్ని పడుకోబెట్టే ఊయల కింద ఒక నిమ్మకాయ పెడుతుంది. ఎందుకని అడిగితే, గాలిలో తేమ తెలుసుకోవడానికట.

ఆటపరికరాలకి పుట్టుకతో ఏమీ తెలియదు. మొట్టమొదట పట్టుకున్న చేయి దేనికి ఉలిక్కిపడింది, దేనికి మురిసింది, ఎక్కడ విసుక్కుంది అన్నదే వాటికి అక్షరాభ్యాసం. సాయంత్రం గంటకి ఆ ఒరవడి గట్టిపడుతుంది. పరికరం తిరిగి ఊయలలోకి రాగానే పోతశాల కదులుతుంది, అదే ఒరవడిని లక్షల పరికరాల్లోకి పోస్తుంది. అందుకని తొలిచేతిని వెతకడానికి ఇలాంటి సంస్థలన్నీ నానా తంటాలూ పడతాయి. రత్నం విషయంలో మాత్రం ఏ తంటా పడలేదు. భీమిలి బజార్లో ఆమె చేత బోణీ అయితే సాయంత్రానికి కొట్టు ఖాళీ అని పేరు. ఆ పేరు విని పిలిపించుకున్నారు. పన్నెండేళ్ళుగా సంస్థ ఆమె హస్తవాసి మీదే బతుకుతోంది.

నియమాలు రెండే. గంట కొట్టేదాకా తొలిచేయి పరికరాన్ని వదలకూడదు, వదిలితే ఒరవడి బీటలు వారుతుంది. ఇంకో చేయి దానికి తగలకూడదు, తగిలితే కల్తీ. తిండి ఎవరో ఒకరు తినిపిస్తారు. మిగతా అవసరాలకి సంస్థవారి ఏర్పాట్లు ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ వద్దు.

ఊయలలో కొత్త పరికరం గుప్పిట పడుకుని ఉంది. సపోటా పండంత ఉంది, రంగు కూడా ఇంచుమించు అదే. రత్నం దాని ముందు కూర్చుని ఒక్క క్షణం చూసింది. కొత్త పరికరాన్ని చూసినప్పుడల్లా ఆమెకి పురిటిగదిలోకి తొంగిచూసినట్టే ఉంటుంది. పన్నెండేళ్ళయినా ఆ ముచ్చట తగ్గలేదు. కానీ ఇవాళ ముచ్చటతో పాటు ఒక ప్రశ్న కూడా తెచ్చుకుంది. ఇదైనా అన్నయ్యని ఆటలో ఉండనిస్తుందా?

రెండు చేతులతో ఎత్తుకుంది.

నోటికి వచ్చింది వచ్చినట్టు చెప్పాలి. ఆలోచించి చెప్పిన మాట అప్పటికే రెండో అభిప్రాయం. అందుకని రత్నం ఆలోచించలేదు.

“బరువుంది,” అంది. “మంచి బరువే. చేతిలో ఏదో ఉన్నట్టు ఉంది. వెచ్చగా ఉంది కూడా.”

వెచ్చదనం తనదేనని తర్వాత అర్థమైంది. గుప్పిటకి వేరే విద్యుత్తు అక్కర్లేదు, పట్టుకున్న ఒంటి వేడే దానికి తిండి. అరచేతుల మధ్య మెల్లగా నొక్కితే రెండు రెక్కలుగా తెరుచుకుంది. మధ్యలో పల్చటి తెర సాగింది. అద్దం కాదు, గుడ్డా కాదు, వేలితో తాకితే కాస్త లోపలికి తగ్గి మళ్ళీ పైకి వచ్చింది. రెక్కకి నాలుగేసి మీటలు. నానిన సెనగగింజని నొక్కినట్టు ఉన్నాయి. కిందటి పరికరం చిటికె మీటలు ఇలా కాదు. వాటిని నొక్కీ నొక్కీ జనం బొటనవేళ్ళకి కాయలు కాశాయి. గుప్పిట పాట పాడితే ఆ పాట గాలిలో వినబడలేదు, మణికట్టు ఎముకలోంచి పైకి వచ్చింది. రత్నానికి ఒళ్ళు పులకరించింది. అవతల హిమబిందు ముందు, రత్నం సంతోషాన్ని కొలిచే మెప్పురేఖ ఒక్కసారి పైకి లేచింది.

ఇష్టం లేనివి కూడా చెప్పింది. వీపు మరీ నున్నగా ఉంది, చెమట పట్టిన చేతిలోంచి జారుతుంది, భీమిలిలో చెమట పట్టని చేయి ఎక్కడుంది? కుడి రెక్క పై మీట అందాలంటే వేలు ఇంకో అంగుళం పెరగాలి. ఇక ఆ స్వాగతగీతం సంగతి చెప్పనక్కర్లేదు, పెళ్ళికి పిలిచి వీధి గుమ్మంలోనే సన్నాయి కచేరీ అంతా వినిపించినట్టు ఉంది. హిమబిందు నవ్వు ఆపుకుంటూ అన్నీ ఎక్కించుకుంది. పాట తన తమ్ముడిదని మాత్రం చెప్పలేదు.

తర్వాత తెప్పలాట తెరిచింది.

తెర మీద ఏరు, ఏట్లో తెప్ప, తెప్పకి రెండు తెడ్లు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని వంతులవారీగా తెడ్డు వెయ్యాలి. రాళ్ళు వస్తాయి, సుడులు వస్తాయి, ఎదురుగాలి వస్తుంది. దరి చేరితే గెలుపు. చిటికెలో ఇద్దరు ఆడాలంటే రెండు పరికరాలు కావలసి వచ్చేది. గుప్పిటలో ఒకే దాన్ని ఇద్దరు పట్టుకోవచ్చు, దీని గొప్పే అది. కానీ బోణీకి రెండో చేయి తగలకూడదు కాబట్టి, రత్నం పక్కన ఆడటానికి పరికరమే ఒక నీడని కూర్చోబెట్టింది. ఇద్దరు ఆడే ఆటకి ఒంటిచేతి బోణీ ఏమిటని ఆమె ఇదివరకే అడిగింది. నియమం అన్నారు.

నీడ చాలా బాగా ఆడింది. రత్నం ఇంకా బాగా ఆడింది. గుప్పిట ఆమె చేతిని గంటలోనే చదివేసింది. వేలు మీట మీదికి దిగకముందే తెడ్డు నీళ్ళలో ఉండేది. మనసులో అనుకున్నది తెర మీద జరిగిపోతుంటే, రత్నం వయసు మరిచి కుర్చీలోనే ఊగింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇంత ముద్దొచ్చే పరికరం ఆ గదిలోకి ఇంతకు ముందు రాలేదు.

ఎండ గది మధ్యకి వచ్చాక, ఆమె కావాలని చేయి ఆపింది. వంతు వచ్చినా తెడ్డు వెయ్యలేదు. ఒకటి, రెండు అని మనసులో అనుకుని అప్పుడు వేసింది. తెప్ప వంకర తిరిగింది. ఇంకోసారి అలాగే చేసింది. మూడోసారి ఆలస్యం కాగానే గుప్పిట మర్యాదగా ఒక చిన్న గంట మోగించి, ఆమెని ఒడ్డున దింపేసింది. తెప్ప నీడతో ముందుకి వెళ్ళిపోయింది. తెర అడుగున రెండు మాటలు కనిపించాయి: ఒడ్డు మనిషి.

రత్నం మనసు చివుక్కుమంది.

అన్నయ్య పరదేశి ఆమెకి ఎనిమిదేళ్ళు పెద్ద. పడవబస్సు డ్రైవరు. తను నడిపేది ఎంత జోరో, ఆటల్లో అంత జోరు. తొలి పరికరం నుంచి చిటికె దాకా, చెల్లెలు బోణీ చేసిన ప్రతిదాన్నీ కొని తెచ్చుకుని, సాయంత్రాలు ఆమెతో పందెం వేసి ఆడేవాడు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. వైద్యంతో తిరిగి లేచింది గానీ, పాత చేయి కాదది. చెప్పిన పని చేస్తుంది, తనకి తోచినప్పుడు చేస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి ఇద్దరూ చెరో చిటికె పట్టుకుని కూర్చున్నారు. మూడు తెడ్లు పడీ పడకముందే అది అతన్ని ఒడ్డున దింపింది. మళ్ళీ ఆడారు, మళ్ళీ దింపింది. సంస్థవారు చేయి సాగనివాళ్ళ కోసం మెల్లమీట ఒకటి ఉందని చెబితే అదీ నొక్కి చూశాడు. వరసగా గెలుస్తూ పోయాడు. అనుమానం వచ్చి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నా తెప్ప గెలిచింది. పరికరాన్ని మెల్లగా పక్కన పెట్టి, “నన్ను ఆటలో అరటిపండుని సేసీసినారే,” అన్నాడు.

ఆ మాట రత్నానికి తగలవలసిన చోటే తగిలింది. చిన్నప్పుడు వీధిలో నేలా బండా ఆడుతుంటే ఆమెని అరటిపండుగా చేర్చుకున్నది అతనే. ఆమెని ఎవరు ముట్టుకున్నా అవుట్ కాదు. వీధి మొత్తంలో తనంత చురుకైనది లేదని ఆమె చాలాకాలం నమ్మింది. నిజం తెలిసిన రోజు అన్నం మానేసి ఏడ్చింది. మర్నాటినుంచి పరదేశి ఆమెకి అవుటైతే అవుటేనని చెప్పాడు. కాకపోతే, ఆమె బండ దగ్గరికి వచ్చేదాకా పరిగెత్తడం మొదలుపెట్టేవాడు కాదు. ఆ తేడా ఏమిటో మెల్లమీట చేసిన ఇంజనీర్లకి తెలియలేదు.

అప్పటినుంచి పరదేశి ఆడటం మానేశాడు. నువ్వు ఆడుకో, నేను సూస్తాను అంటాడు. కాసేపు చూసి కిటికీ వైపు తిరుగుతాడు. చిటికెది రత్నం ఒరవడే. తన చేతి జోరు చూసి నేర్చుకున్న పరికరమే తన అన్నని దింపేస్తోంది. ఆలస్యమైన చేయి దానికి చేయి లేనట్టే. దానికి కోపం లేదు, పగ లేదు, పాపం దానికి ఎవరూ చెప్పలేదు. గుప్పిటకీ చెప్పకపోతే, తర్వాతి పరికరం వచ్చేదాకా ఇంకో అయిదేళ్ళు ఇంతే.

మధ్యాహ్నం భోజనానికి పరదేశే వచ్చాడు. మామూలుగా క్యాంటీన్ వాళ్ళు ఎవరైనా తినిపిస్తారు. అన్నయ్య ఇంట్లో ఊరికే కూర్చుంటున్నాడు, ఈసారి అతన్ని రానివ్వండని రత్నం ముందే అడిగింది. అన్నం తప్ప దేన్నీ తాకనివ్వకుండా చూసుకోమని హిమబిందు ఒప్పుకుంది. అతను క్యారేజీ ఎడంచేత్తో పట్టుకుని, పడవబస్సు నడిపిన కుర్రాడికి బ్రేకు వెయ్యడం రాదని తిట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

వంజరం పులుసు. పరదేశి చెల్లెలి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో అన్నం కలపడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గర నిలబడ్డ క్యాంటీన్ అమ్మాయి అతని అవస్థ చూసి చెంచా తెచ్చిమ్మంటారా అని అడిగింది. పోనీ ఎడంచేత్తో పెట్టకూడదా అంది. అతను ఆమె వైపు చూసిన చూపుకి పాపం ఆ పిల్ల మళ్ళీ కనబడలేదు. ఎడంచేత్తో ఎవరైనా ముద్ద పెడతారా, అదీ తోడబుట్టినదానికి.

ముళ్ళు తీయడానికే చాలాసేపు పట్టింది. ముద్ద చేశాడు. చేయి లేచింది, సగందాకా వచ్చి ఆగింది. వేళ్ళు వణికాయి. అతను చేతికేసి చూస్తూ ఊరుకున్నాడు, మాట వినని ఎద్దుని అదిలించినా లాభం లేదని తెలిసిన రైతులా. కాసేపటికి చేయి మళ్ళీ కదిలింది. రత్నం నోరు తెరిచి ఎదురుచూసింది. ముద్ద నోట్లోకి వచ్చింది. ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది.

గుప్పిట ఆమె చేతుల్లోనే ఉంది. తెప్ప ఒడ్డున కట్టేసి ఉంది. తెడ్లు కదలడం లేదు.

రెండో ముద్ద సగం దారిలో ఆమె ఒళ్ళో పడింది. పరదేశి మొహం చిన్నబుచ్చుకుని బియ్యం కొత్తవని, మెతుకు అంటుకోవడం లేదని సాకు చెప్పాడు. రత్నం పగలబడి నవ్వింది. మూడో ముద్ద వచ్చేలోపు తన చిన్నప్పటి సంగతులు ఏవో చెప్పింది. నాలుగో ముద్దకి సంగతులూ అయిపోయాయి. ఆమె చూస్తూ కూర్చుంది, అతని చేయి వస్తూ ఉంది. అంత సుఖంగా ఆమె ఈ మధ్య ఎప్పుడూ భోంచెయ్యలేదు.

రత్నం చెవికి తగిలించిన చెవిగూట్లో హిమబిందు గొంతు వినబడింది. ఆట ఆగి ఉంది కదా, మెప్పురేఖ ఎందుకు దిగడం లేదని అడిగింది. పొద్దుట అంత జోరుగా ఆడినప్పటి కన్నా పైన నిలబడిందట. ముఖ్యంగా ఏమీ జరగని చోట్ల.

“ముద్ద కోసం చూస్తున్నాను,” అంది రత్నం నోటినిండా అన్నంతో.

హిమబిందు రేఖని వెనక్కి జరిపి చూసుకుంది. అది ఆటకి సంబంధించినది కాదని, గుప్పిట దాన్ని తప్పుగా నేర్చుకుంటుందని, ఆ ముక్క కత్తిరించేస్తానని చెప్పింది. చెప్పడం మెత్తగానే చెప్పింది. కత్తిరింపు ఆమె ఉద్యోగం.

రత్నం నమలడం ఆపింది. ఒళ్ళో ఉన్న గుప్పిటని చూసింది. అది ఆమె నాడిని వింటూనే ఉంది, ఆమె ఎదురుచూడటాన్ని కూడా ఆమె సంతోషాల్లో ఒకటిగా రాసుకుంటోంది. ఇంకో చేయి కోసం ఆగడం ఎలా ఉంటుందో దానికి ఇప్పుడే మొదటిసారి తెలిసింది. తెలిసింది గానీ ఎందుకో తెలియలేదు. ఆ ముక్క కత్తిరిస్తే అదీ ఉండదు.

“అన్నయ్యా, సెయ్యి కడుక్కుని రా,” అంది.

“ఇంకా పెరుగన్నం ఉందే.”

“తర్వాత తింటాను. సెయ్యి కడుక్కుని రా.”

పరదేశి చేయి కడుక్కుని వచ్చాడు. రత్నం ఎడమ రెక్కని తను పట్టుకుని కుడి రెక్కని అతని వైపు చాపింది.

గాజుగోడ అవతల హిమబిందు లేచి నిలబడింది. ఆమె గొంతు పెద్దది కాలేదు గానీ పదునెక్కింది. రెండో చేయి తగిలితే బోణీ చెల్లదని, ఏడాది కష్టం పోతుందని, ఈ సాయంత్రం గుప్పిటల్లోకి మళ్ళీ పాత చిటికె ఒరవడే పొయ్యవలసి వస్తుందని చెప్పింది. బోణీ చెడగొట్టిన చేతిని ఏ సంస్థా మళ్ళీ పిలవదన్న సంగతి రత్నానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చేయి తప్ప ఆమెకి వేరే పనీ రాదు.

“బిందు గారూ,” అంది రత్నం, “వీటికి తొందర నేర్పింది నా చెయ్యే. ఎదురుచూడటం కూడా ఆటేనని నేర్పలేదు. మీరు కత్తిరించాలనుకుంటే గంట కొట్టాక కత్తిరించండి. ఇప్పుడు మాత్రం మేం ఆడతాం.”

పరదేశి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నానొల్లను. నీ ఉద్యోగం తగలెట్టుకుంటావేటే? ఒడ్డునున్నోడిని ఒడ్డునే ఉండనీ.”

“నాకు నీడతో ఆడాలని నేదు, అన్నయ్యా. నీతో ఆడాలని ఉంది.”

అతను చెల్లెలి మొహంలోకి చూశాడు. ఈ ఏడాదిగా తను ఒక్కడే ఒడ్డున కూర్చున్నాననుకున్నాడు. ఆమె కూడా తెప్ప మీద ఒంటరిగానే ఉందన్న ఆలోచన ఇంతవరకు రాలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కుడి రెక్క పట్టుకున్నాడు.

గుప్పిట ఉలిక్కిపడింది. ఎముకలోంచి వస్తున్న పాట తెగి, మళ్ళీ అతుక్కుంది. అవతల ఎర్రదీపాలు వెలిగాయి. నీడ మాయమై, దాని చోట రెండో తెడ్డు ఖాళీగా నిలబడింది.

రత్నం తెడ్డు వేసింది. పరదేశి వంతు. వేలు మీట మీద ఉంది, మీట కిందికి పోవడం లేదు. తెప్ప వంకర తిరగసాగింది. చివరికి మీట దిగింది. ఆలస్యం. రత్నం తెడ్డు వేసింది. మళ్ళీ అతని వంతు. మళ్ళీ ఆలస్యం. తెర అడుగున ఒడ్డు మనిషి అన్న మాటలు సన్నగా మెరిశాయి. పరదేశి చూశాడు, పెదవి బిగించాడు.

మూడోసారి అతని వంతు వచ్చేసరికి రత్నం తన తెడ్డు ఎత్తి పట్టుకుని కూర్చుంది. తొందరపడలేదు, జాలీ పడలేదు. ఇందాక ముద్ద కోసం చూసినట్టే చూసింది. పరికరంలో ఏం జరిగిందో హిమబిందు తర్వాత ఎన్నిసార్లు చూసినా పూర్తిగా విడదీయలేకపోయింది. గుప్పిట ఆమె నాడిని విన్నది. అక్కడ లోటు ఏదీ కనబడలేదు. ఎవరో వస్తున్నారన్న నెమ్మది ఉంది. చిన్న గంట మోగలేదు. ఏరు మెల్లబడింది. ఆగిపోలేదు, మెల్లబడింది. తెప్ప వంకర తిరగడం మాని నీళ్ళ మీద ఊగుతూ నిలబడింది. ఒడ్డు మనిషి అన్న మాటలు చెరిగిపోయాయి.

అతని తెడ్డు పడింది.

తర్వాత వంతు మీద వంతు నడిచింది. సుడి దాటారు. ఎదురుగాలికి తలవంచి, ఇంకో సుడి దాటారు. పరదేశికి పాత ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు పాత దురుసూ వచ్చింది. ముందు పెద్ద రాయి కనిపిస్తుంటే ఎడమకి తిప్పవలసినవాడు కుడికి తిప్పాడు. చేయి ఆలస్యం కాలేదు, పాపం అప్పుడే సమయానికి పనిచేసింది. తప్పు బుర్రది. తెప్ప రాయికి గుద్దుకుని ముక్కలైంది. ఇద్దరూ ఏట్లో పడ్డారు. ఓటమి పాట మోగింది.

రత్నం భయంగా అన్నయ్య వైపు చూసింది.

“ఓడిపోనాం,” అన్నాడు పరదేశి. తనని తనే నమ్మలేనట్టు ఇంకోసారి అన్నాడు. “సూసినావా? నిజంగా ఓడిపోనాం.”

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లమీట వరసగా గెలిపించినప్పుడు మాడిన మొహం ఇప్పుడు దీపంలా వెలిగింది. ఎడమకి తిప్పమని నువ్వు చెప్పవలసింది అని చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు. ఏడాది తర్వాత అన్నయ్య చేత తిట్లు తింటున్న రత్నానికి పెరుగన్నం మాట గుర్తే లేదు. డ్రైవింగు ఇలా చేసే బస్సులన్నీ ముంచావని ఎదురు తిట్టింది.

మళ్ళీ ఆడారు. మళ్ళీ ఓడారు. ఎండ గాజుగోడ మీదికి వెళ్ళింది. హిమబిందు చాలాసేపటినుంచి కత్తెరమీట మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. ఆమె ముందు మెప్పురేఖలు ఇప్పుడు రెండు. రెండోది గుప్పిటే సొంతంగా గీసుకుంది. ఒకటి ఆగిన చోట ఇంకొకటి ఆగి, రెండూ కలిసి కదులుతున్నాయి. నియమం ప్రకారం ఇది కల్తీ. మీట నొక్కితే పాత ఒరవడి సిద్ధంగా ఉంది. కింద పోతశాల వాళ్ళు అప్పటికే రెండుసార్లు అడిగారు, ఏది పొయ్యమంటారని.

మూడో ఆట ఇంకా తేలకముందే సాయంత్రం గంట కొట్టింది.

ఊయల తెరుచుకుంది. కింద పోత వరసలు గుర్రుమంటూ వేడెక్కాయి. గంట కొట్టిన ఉత్తరక్షణం పరికరం ఊయలలో ఉండాలి, ఇన్నేళ్ళలో ఆ క్షణం ఎప్పుడూ తప్పలేదు. హిమబిందు గాజుతలుపు తీసుకుని తనే లోపలికి వచ్చి చేయి చాపింది. రత్నం తన రెక్క వదలడానికి సిద్ధపడింది. ఉద్యోగం సంగతి ఆమెకి అర్థమయ్యే ఉంది.

పరదేశి మాత్రం వదలలేదు. తెర మీద తెప్ప దరికి దగ్గరగా ఉంది. రత్నం తెడ్డు పడి చాలాసేపయింది. అతని వేలు మీట మీద వణుకుతోంది. చూపు తిప్పకుండానే అన్నాడు.

“ఉండమ్మా. నా వంతింకా అవనేదు.”

కింద నుంచి పోతశాల మళ్ళీ అడిగింది. హిమబిందు ఆ వేలికేసి చూసింది. చాపిన చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది.

“వరసలు ఆపండి,” అంది కిందివాళ్ళతో.

ఎంతసేపని అడిగారు. తెలియదని చెప్పి, ఆమె కూడా వాళ్ళ పక్కన నేల మీద కూర్చుంది.